ముట్టరాని గ్రంథి, పారవేయదగిన గ్రంథి: క్లోమ ప్లీహాల శస్త్రచికిత్స చరిత్ర

గుండె గురించి తెలుగులో ఉన్నన్ని నుడికారాలు మరే అవయవానికీ లేవు. గుండె జారుతుంది, గుండె చెరువవుతుంది, కష్టం వచ్చినప్పుడు గుండె రాయి చేసుకుంటాం. కడుపుకీ కొదవ లేదు. ఒకరి కడుపు మండుతుంది, ఇంకొకరి కడుపు చల్లగా ఉండాలని దీవిస్తాం. ఆ కడుపులోనే ఎడమవైపు పక్కటెముకల చాటున ప్లీహం, జీర్ణకోశం వెనుక అడ్డంగా క్లోమం పక్కపక్కనే ఉంటాయి. ఈ రెంటినీ ఎవరూ పట్టించుకోలేదు. జబ్బు చేస్తే తప్ప వీటి పేరు తలచినవారు లేరు.

వైద్యచరిత్రలో ఈ ఇరుగుపొరుగుల కథలు ఎదురెదురు దిక్కుల్లో నడిచాయి. క్లోమాన్ని ముట్టుకోవటానికి సర్జన్లు చాలాకాలం జంకారు. ప్లీహాన్ని తీసి పారవేయటానికి మాత్రం వెనుకాడలేదు. ఇరవయ్యో శతాబ్దం ముగిసేనాటికి ఈ రెండు అభిప్రాయాలూ తారుమారయ్యాయి. అది ఎలా జరిగిందో చెప్పటమే ఈ వ్యాసం ఉద్దేశం. మన సంఘంలో డాక్టర్లకు కొదవ లేదు, వారికి ఇందులో కొత్త సంగతులు ఎక్కువ ఉండకపోవచ్చు. తక్కినవారికి కొంత పనికివస్తుందని ఆశ.

పాత నమ్మకాలు

క్లోమానికి గ్రీకులు పెట్టిన పేరుకు అర్థం "అంతా మాంసమే" అని. ఎముకా మృదులాస్థీ లేని మెత్తని ముద్ద కనుక ఆ పేరు వచ్చింది. వెనుకనున్న రక్తనాళాలకు అదొక దిండు వంటిదని గాలెన్ కాలం వారు తలచారు. ప్లీహం నల్లని పైత్యరసాన్ని పీల్చుకుంటుందనీ, అది చెడితే మనిషికి దిగులు పడుతుందనీ అనుకున్నారు. ప్లీహం తీసేస్తే మనిషి వేగంగా పరుగెత్తగలడన్న మాట కూడా పాత రోమన్ గ్రంథాలలో కనిపిస్తుంది.

మన ఆయుర్వేదంలో ప్లీహోదరం పేరుతో ప్లీహం పెరగటాన్ని చక్కగా వర్ణించారు. దానికి ఎడమచేతి మోచేతి వద్ద సిరను కోసి రక్తం తీయమని సుశ్రుతం చెబుతుంది. క్లోమ శబ్దం ప్రాచీన గ్రంథాలలో ఏ అవయవాన్ని చెబుతుందో పండితులలో ఏకాభిప్రాయం లేదు. ఈనాటి తెలుగు పాఠ్యపుస్తకాలలో మాత్రం జీర్ణరసాలనూ ఇన్సులిన్‌నూ ఇచ్చే గ్రంథికి ఆ పేరు స్థిరపడిపోయింది.

బల్ల జబ్బు, ఒక చెంపదెబ్బ

మన పల్లెల్లో ప్లీహం అంటే ఎక్కువమందికి తెలియదు కాని "బల్ల" అంటే పెద్దవాళ్ళకు వెంటనే తెలుస్తుంది. మన్యపు జ్వరం మళ్ళీ మళ్ళీ వచ్చిన పిల్లవాడి పొట్టలో ఎడమవైపు చెయ్యి పెడితే చెక్కలాగా గట్టిగా తగిలేది. అందుకే ఆ పేరు. దానికి వాతలు కూడా పెట్టేవారు. మలేరియా క్రిములు చేరిన ఎర్ర రక్తకణాలను ఏరి పారవేసే పని ప్లీహానిది. ఆ పని ఎక్కువయ్యేకొద్దీ అది పెరుగుతుంది. మామూలుగా 150 గ్రాముల బరువుండే అవయవం పక్కటెముకలు దాటి బొడ్డు దాకా దిగవచ్చు.

మలేరియా కొలతకు ప్లీహాన్నే కొలబద్దగా వాడిన దేశం మనది. 1847లో యమునా కాలువల ప్రాంతాల్లో జ్వరాలను విచారించిన సంఘంలో డెంప్‌స్టర్ అనే డాక్టరు ఊరూరా జనం పొట్టలు తడిమి, ఎందరికి ప్లీహం పెరిగిందో లెక్క కట్టాడు. ఏ ఊళ్ళో ఆ లెక్క ఎక్కువో ఆ ఊళ్ళో జ్వరం ఎక్కువ. తరువాతి కాలంలో ప్రపంచమంతా ఈ పద్ధతినే అనుసరించింది. జ్వరానికి కారణం దోమ అని తేలటానికి మరో యాభై ఏళ్ళు పట్టింది. 1897 ఆగస్టు 20వ తేదీన రొనాల్డ్ రాస్ సికింద్రాబాదులో, బేగంపేట వద్ద, దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడు.

ఈ పెరిగిన ప్లీహానికి ఒక చేదు చరిత్ర కూడా ఉంది. అది ఉబ్బి పలచబడి ఉంటుంది కనుక చిన్న దెబ్బకే పగిలి లోపల రక్తం కారిపోతుంది. ఇంగ్లీషు దొరలు పంకా లాగేవాళ్ళనూ, సాయీసులనూ కొట్టటం మామూలైన కాలమది. కొట్టిన దెబ్బకు మనిషి చనిపోతే, "వాడి ప్లీహం అంతకుముందే పెరిగి ఉంది, దెబ్బ చిన్నదే" అన్న వాదన కోర్టులో దొరను కాపాడేది. వీటిలో పేరుకెక్కినది ఆగ్రాలోని ఫుల్లర్ కేసు. ఆయన అక్కడ ప్లీడరు. ఒక ఆదివారం చర్చికి బయలుదేరేవేళ బండి దగ్గర సాయీసు సిద్ధంగా లేడని చేత్తో కొట్టాడు. ఆ సాయీసు, కట్వారూ అనేవాడు, కొద్ది సేపటికే చనిపోయాడు. పగిలింది ప్లీహమని డాక్టరు చెప్పాడు. మేజిస్ట్రేటు వేసిన శిక్ష 30 రూపాయల జుల్మానా.

1876లో వైస్రాయి లిట్టన్ ప్రభుత్వం ఈ తీర్పును తప్పుపడుతూ ఒక ఉత్తర్వు వెలువరించింది. దాని మీద ఈ దేశంలోని ఇంగ్లీషు పత్రికలు లిట్టన్‌ను దుమ్మెత్తిపోశాయి. కట్వారూ ప్రాణానికి ఖరీదు కట్టినవారి మీద కన్నా, ఆ ఖరీదు చాలదన్నవాడి మీద వారికి కోపం ఎక్కువ వచ్చింది. వైద్యులు చెప్పిన సాక్ష్యం అబద్ధం కాదు. పెరిగిన ప్లీహం నిజంగానే తేలిగ్గా పగులుతుంది. కాని రోగి బలహీనతే దోషికి రక్షణ ఎలా అయిందో తెలుసుకోవటానికి ఈ కేసు చదవాలి.

తీసివేసిన కాలం

ఐరోపాలో ప్లీహాన్ని తీసే ఆపరేషన్లు 19వ శతాబ్దంలో మొదలయ్యాయి. 1826లో క్విట్టెన్‌బౌమ్ అనే జర్మన్ సర్జన్ చేసిన ఆపరేషన్‌లో రోగి కొన్ని గంటలకే మరణించాడు. లండన్‌లో స్పెన్సర్ వెల్స్ 1865లో చేసిన రోగి కూడా కొద్దిరోజులకే పోయాడు. మొదట ఫలించినది 1867లో పారిస్‌లో పేయాఁ చేసిన ఆపరేషన్. నీటితిత్తి పట్టిన ప్లీహాన్ని ఆయన తీసివేస్తే రోగి బతికింది.

స్పెన్సర్ వెల్స్‌కే 1887లో ఒక విచిత్రం ఎదురైంది. గర్భసంచిలో గడ్డ అనుకొని ఒక స్త్రీకి కడుపు కోశాడు. తీరా చూస్తే అది పెరిగిన ప్లీహం. తీసివేశాడు. ఆమెకు ఎప్పటినుంచో ఉన్న కామెర్లు ఆ తరువాత మాయమయ్యాయి. నలభై ఏళ్ళ తరువాత ఆమె రక్తం పరీక్షిస్తే అసలు సంగతి తేలింది. ఆమె ఎర్ర రక్తకణాలు పుట్టుకతోనే గుండ్రంగా, పెళుసుగా ఉన్నాయి. వాటిని ప్లీహం నిత్యం నాశనం చేస్తూ ఉండటం వల్లనే ఆ కామెర్లు. జబ్బు పేరు తెలియకముందే దాని చికిత్స జరిగిపోయింది.

1916లో ప్రాగ్ నగరంలో పాల్ కాజ్నెల్సన్ అనే వైద్యవిద్యార్థి ఇంకొక మెట్టు ఎక్కాడు. రక్తం గడ్డకట్టటానికి కావలసిన ప్లేట్‌లెట్లు తగ్గిపోయి చర్మం మీద ఊదారంగు మచ్చలు పడే జబ్బు ఒకటుంది. ఎర్రకణాలను ప్లీహం మింగినట్లే ఇక్కడ ప్లేట్‌లెట్లను మింగుతున్నదేమోనని అతడు ఊహించాడు. అతని మాట మీద ష్లోఫర్ అనే సర్జన్ ఆపరేషన్ చేస్తే రోగికి గుణం కనిపించింది. ఒక విద్యార్థి మాటను పెద్దసర్జను విన్నాడన్నది కూడా ఇందులో మెచ్చుకోదగిన సంగతే.

దెబ్బలకు పగిలిన ప్లీహం సంగతి వేరు. 1892లో బ్రెస్లావ్‌లో రీగ్నర్, పైనుంచి పడిన ఒక కుర్రవాడి ప్లీహం తీసి ప్రాణం నిలబెట్టాడు. ఆ తరువాత అదే నియమమైంది. థైరాయిడ్ పనికి నోబెల్ బహుమతి పొందిన కోకర్, తన శస్త్రచికిత్సా గ్రంథంలో 1911 నాటికి, ప్లీహానికి దెబ్బ తగిలితే తీసేయాలనీ, తీసినందువల్ల కీడేమీ రాదనీ వ్రాశాడు. అంత పెద్దమనిషి చెప్పాక అడ్డు చెప్పేవారెవరు? దాదాపు యాభై ఏళ్ళ పాటు ప్రపంచమంతటా సర్జన్లు అదే పాఠం చదివారు, అదే చేశారు. 1919లో మారిస్, బుల్లక్ అనే ఇద్దరు, ప్లీహం తీసిన ఎలుకలు అంటురోగాలకు తట్టుకోలేకపోతున్నాయని ప్రయోగాలు చేసి చూపారు. ఎవరూ పట్టించుకోలేదు.

కీడు బయటపడిన కాలం

1952లో అమెరికాలో ఇండియానాపొలిస్ నుంచి కింగ్, షుమాకర్ అనే సర్జన్లు ఐదుగురు పసిపిల్లల సంగతి ప్రకటించారు. పైన చెప్పిన గుండ్రని రక్తకణాల జబ్బుకే ఆ పిల్లలకు ప్లీహం తీశారు. ఆపరేషన్లు బాగానే జరిగాయి. కాని కొన్ని వారాలకో నెలలకో ఆ పిల్లలను తీవ్రమైన అంటురోగాలు పట్టుకున్నాయి. ఇద్దరు మరణించారు. కీడు రాదన్న కోకర్ మాట మీద ఇది మొదటి గట్టి దెబ్బ.

క్రమంగా తేలిన సంగతి ఇది. ప్లీహం రక్తానికి జల్లెడ వంటిది. పైన మందమైన తొడుగున్న కొన్ని బాక్టీరియాలు, ముఖ్యంగా న్యూమోకాకస్, రక్తంలోకి వస్తే వాటిని పట్టి చంపే పనిలో దానిది ముఖ్యస్థానం. ప్లీహం లేనివారికి ఆ క్రిములు సోకితే పొద్దున్న మామూలు జ్వరంలా మొదలై, రాత్రికి ప్రాణం మీదకు రావచ్చు. ఇది అరుదు. కాని వచ్చినప్పుడు సగం మంది దాకా పోతారు. ఆపరేషన్ అయిన ఇరవై ముప్ఫై ఏళ్ళకైనా రావచ్చు.

అప్పుడు సర్జన్లు వెనక్కి చూసుకున్నారు. పగిలిన ప్లీహాన్ని తీయక తప్పదా? ఈ ప్రశ్నకు జవాబులో మన దేశస్థుడి పాత్ర ఉంది. టొరంటోలోని పిల్లల ఆసుపత్రిలో ప్లీహానికి దెబ్బ తగిలిన పిల్లలు కొందరిని కోయకుండా, కనిపెట్టి చూస్తూ బాగుచేస్తున్నారు. అక్కడ పనిచేసిన ఉపాధ్యాయ గారు సింప్సన్‌తో కలిసి ఆ అనుభవాన్ని 1968లో ప్రకటించారు. అదే ఏడు, కోతుల మీద చేసిన ప్రయోగాలలో పగిలిన ప్లీహం దానంతట అదే మానగలదని చూపారు. ఢిల్లీ అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థలో పిల్లల శస్త్రచికిత్సకు పేరు తెచ్చినవారిలో ఆయన ఒకరు. ఆనాడు ఈ మాట చెప్పటానికి ధైర్యం కావాలి. కత్తి పట్టకుండా కూర్చున్న సర్జన్‌ని నిర్లక్ష్యం చేశాడంటారు కాని ఓపిక పట్టాడని ఎవరూ అనరు.

1970లలో సి.టి. స్కాన్ వచ్చాక ఆ ఓపికకు ఆధారం దొరికింది. లోపల ఎంత చీలిందో, రక్తం ఎంత కారిందో కోయకుండానే తెలుస్తుంది. ఈనాడు దెబ్బ తగిలిన పిల్లల్లో చాలామందికి, పెద్దల్లోనూ రక్తపోటు నిలకడగా ఉన్నవారికి, ముందు మంచం మీద ఉంచి చూడటమే పద్ధతి. అవసరమైతే గజ్జల్లోని రక్తనాళం ద్వారా సన్నని గొట్టం పంపి, కారుతున్న నాళాన్ని మూసివేస్తారు. రక్తం ఆగక రోగి కుంగిపోతుంటే మాత్రం నేటికీ ప్లీహం తీయవలసిందే. అక్కడ ఆలస్యం పనికిరాదు.

తీయక తప్పని వారికి కూడా దారులు సులువయ్యాయి. 1991లో పారిస్‌లో డెలేత్ర్ లాపరోస్కోపు ద్వారా ప్లీహం తీశాడు. అమెరికాలో 1977లో న్యూమోకాకస్‌కు టీకా వచ్చింది. హాడ్జ్‌కిన్స్ వ్యాధి ఎంత పాకిందో తెలుసుకోవటానికని 1960, 70లలో ప్లీహం తీసిచూసే అలవాటు ఉండేది. స్కాన్లు వచ్చాక అదీ పోయింది. ప్లేట్‌లెట్ల జబ్బుకు మందులు పెరిగి ఆపరేషన్ అవసరం తగ్గింది.

క్లోమం దగ్గర భయం

ఇక పొరుగింటికి వద్దాం. క్లోమంలో నాళం ఉందని 1642లో పాడువాలో విర్సుంగ్ కనిపెట్టాడు. రాగిరేకు మీద దాని బొమ్మ చెక్కించి, అచ్చు తీసి, ఇది ఏమిటో చెప్పమని ఐరోపాలోని పండితులకు పంపాడు. మరుసటి ఏడే ఆయన హత్యకు గురయ్యాడు. ఆ నాళం నేటికీ ఆయన పేరుతోనే ఉంది. 1889లో బోస్టన్‌లో ఫిట్జ్ క్లోమపు వాపు జబ్బును స్పష్టంగా వర్ణించాడు. అదే ఏడు స్ట్రాస్‌బుర్గ్‌లో మింకోవ్‌స్కీ, మెరింగ్ ఒక కుక్క క్లోమం తీసివేస్తే దానికి మధుమేహం వచ్చింది. 1922 జనవరిలో టొరంటోలో లెనార్డ్ థాంప్సన్ అనే కుర్రవాడికి ఇన్సులిన్ ఇవ్వటం దాకా నడిచిన కథ అందరికీ తెలిసినదే. ఆ పని మొదలుపెట్టిన బాంటింగ్ కూడా సర్జనే.

సర్జన్లకు క్లోమమంటే ఎందుకు భయం? అది వెన్నెముకను ఆనుకొని లోతున ఉంటుంది. దాని చుట్టూ కాలేయానికీ ప్రేవులకూ వెళ్ళే పెద్ద రక్తనాళాలు ఉన్నాయి. కణజాలం మెత్తగా వెన్నముద్దలా ఉండి కుట్టు నిలవదు. అన్నిటికన్నా పెద్ద చిక్కు దాని రసం. మాంసాన్ని అరిగించే రసం అది. కుట్టు ఊడి కారితే రోగి సొంత కండనే అరిగిస్తుంది.

క్లోమపు తలలో కాన్సర్ వస్తే పైత్యనాళం మూసుకొని కామెర్లు వస్తాయి. ఆ తలను, దాన్ని చుట్టుకొని ఉన్న చిన్నప్రేవు మొదటి భాగంతో సహా తీయటం 1909లో బెర్లిన్‌లో కౌష్ మొదట సాధించాడు. ఆ తరువాత పాతికేళ్ళ పాటు అది పెద్దగా ముందుకు సాగలేదు. దానికి నిలకడ తెచ్చిన పేరు న్యూయార్కులోని ఆలెన్ విపుల్‌ది. మిషనరీల బిడ్డగా 1881లో ఇరాన్‌లో పుట్టాడాయన. 1935లో ముగ్గురు రోగుల మీద చేసిన ఆపరేషన్లను ప్రకటించాడు. మొదటి రోగి దక్కలేదు. జంతువుల ప్రేవులతో చేసిన దారాన్ని క్లోమరసం అరిగించివేసింది. తరువాత పట్టుదారం వాడారు.

కామెర్లున్న రోగికి రక్తం గడ్డకట్టదు కనుక మొదట ఈ పని రెండు విడతలుగా చేసేవారు. డెన్మార్కులో డాం కనిపెట్టిన విటమిన్ కె అందుబాటులోకి వచ్చాక ఆ భయం తగ్గింది. 1940లో విపుల్ జీర్ణకోశపు కాన్సర్ అనుకొని మొదలుపెట్టిన ఒక ఆపరేషన్‌లో, జీర్ణకోశాన్ని కోసేశాక గాని గడ్డ క్లోమంలో ఉందని తెలియలేదు. వెనక్కి వెళ్ళే వీలులేక అంతా ఒకే విడతలో పూర్తిచేశాడు. రోగి బతికింది. అప్పటినుంచి అదే పద్ధతి అయింది. ఇంత పేరు మోసిన విపుల్ తన జీవితం మొత్తంలో చేసిన ఇటువంటి ఆపరేషన్లు 37 మాత్రమే.

అయినా 1960లలో ఈ ఆపరేషన్ తరువాత నలుగురిలో ఒకరు ఆసుపత్రిలోనే పోయేవారు. 1970లో క్లీవ్‌లాండ్‌కు చెందిన జార్జి క్రైల్, ఇంత చేసి బతికించేది తక్కువ కనుక పైత్యరసానికి పక్కదారి కల్పించి ఊరుకోవటమే మేలని వాదించాడు. ఆ వాదన ఆనాటికి తప్పు కాదు. మార్పు తెచ్చింది అభ్యాసం. బాల్టిమోర్ జాన్స్ హాప్కిన్స్‌లో కామెరాన్ బృందం వరుసగా 145 ఆపరేషన్లలో ఒక్క మరణం లేకుండా చేసినట్లు 1993లో ప్రకటించింది. 2002లో అమెరికాలో వృద్ధరోగుల మీద జరిగిన పెద్ద పరిశీలనలో, ఈ ఆపరేషన్లు బహు తక్కువగా చేసే ఆసుపత్రులలో నూటికి 16 మంది, చాలా ఎక్కువగా చేసేచోట నూటికి 4 మంది దాకా మరణించినట్లు తేలింది. జబ్బు ఒకటే, ఆపరేషన్ ఒకటే. ఏ తలుపు తట్టామన్నదే తేడా.

కాన్సర్ మీద విజయం వచ్చిందని మాత్రం చెప్పలేం. 1970లలో అమెరికాలో ఈ కాన్సర్ వచ్చినవారిలో ఐదేళ్ళు బతికినవారు నూటికి ముగ్గురు. ఇప్పుడు 13 మంది దాకా. చాలామందిలో జబ్బు బయటపడేసరికే ఆపరేషన్ సమయం దాటిపోతోంది.

మన ప్రాంతపు క్లోమ వ్యాధి

ఉష్ణదేశాలలో, ముఖ్యంగా దక్షిణ భారతంలో, ఒక రకం క్లోమ వ్యాధి ఉంది. మద్యం ముట్టని చిన్నవయసు వారికే వస్తుంది. బాల్యంలో కడుపునొప్పి, యౌవనంలో మధుమేహం, క్లోమనాళం నిండా రాళ్ళు. ఇండోనేషియాలో జ్వీడెమా 1959లో దీన్ని వర్ణించాడు. కేరళలో గీవర్గీస్ గారు వందలాది రోగులను చూసి దీన్ని ప్రపంచానికి పరిచయం చేశారు. పేదల తిండి అయిన కర్రపెండలమే కారణమని చాలాకాలం అనుమానించారు. 2002లో హైదరాబాదులోని సి.సి.ఎం.బి. శాస్త్రవేత్తలు, అక్కడి జీర్ణకోశ వైద్యులతో కలిసి చేసిన పరిశోధనలో, క్లోమరసం లోపలే పనిచేయకుండా అడ్డుకునే ఒక జన్యువులో లోపం ఈ రోగుల్లో చాలామందికి ఉందని చూపారు.

దీనికి శస్త్రచికిత్సలో మూలసూత్రం తేలికైనది. మూసుకుపోయిన నాళాన్ని పొడుగునా తెరిచి, రాళ్ళు తీసి, చిన్నప్రేవుకు కలిపి కుట్టటం. 1958లో ప్యూస్టో, 1960లో పార్టింగ్టన్, రోషెల్ దీనికి రూపం ఇచ్చారు. ఇప్పుడు కోత లేకుండా బయటినుంచి శబ్దతరంగాలతో రాళ్ళు పొడిచేసి, ఎండోస్కోపు ద్వారా తీసేస్తున్నారు. హైదరాబాదులో నాగేశ్వరరెడ్డి గారి బృందం వేలాది రోగులకు ఈ చికిత్స చేసింది. నొప్పి ఏ విధంగానూ తగ్గని కొందరికి క్లోమం మొత్తం తీసి, అందులోని ఇన్సులిన్ కణాలను వేరుచేసి, వారి కాలేయంలోకే ఎక్కించే పద్ధతి మినెసోటాలో 1977లో మొదలైంది.

తీవ్రమైన క్లోమపు వాపులో కూడా తొందరపడి కోయటం మానుకున్నారు. ముందు సన్నని గొట్టంతో చీము తీసి, అది చాలకపోతేనే కోయటం మేలని 2010లో నెదర్లాండ్స్ వైద్యులు రుజువు చేశారు.

రెండూ కలిసే చోటు

క్లోమపు తోక ప్లీహాన్ని తాకుతుంది. ప్లీహానికి వెళ్ళే రక్తనాళాలు క్లోమాన్ని అంటుకొనే పోతాయి. అందువల్ల తోకలో గడ్డ తీయవలసి వస్తే, ఏ పాపమూ ఎరుగని ప్లీహాన్ని కూడా కలిపి తీసేయటం ఆచారంగా ఉండేది. బోస్టన్‌లో వార్షా 1988లో ప్లీహాన్ని నిలిపి తోకను మాత్రమే తీసే పద్ధతి చూపాడు. కాన్సర్ కాని గడ్డల్లో ఇప్పుడు దాన్ని కాపాడటానికే ప్రయత్నిస్తారు. ఒక గ్రంథిని ముట్టుకునే నేర్పు, ఇంకొకదాన్ని వదిలిపెట్టే వివేకం ఒకే ఆపరేషన్‌లో కలిశాయి.

ఇంటింటా గుర్తుంచుకోదగినవి

ఈ చరిత్ర చదివి పక్కన పెట్టేది కాదు. మన కుటుంబాలలో చిన్నతనంలో చెట్టు మీదనుంచి పడో, బస్సు ప్రమాదంలోనో ప్లీహం పోగొట్టుకొన్నవారు ఉండవచ్చు. ఆనాటి డాక్టర్లు కోకర్ పాఠం చదివినవారే కనుక జాగ్రత్తలేమీ చెప్పి ఉండరు. పెద్దవాళ్ళ కడుపు మీద పాత కోత గుర్తు ఉంటే ఎందుకయిందో అడిగి తెలుసుకోండి. ప్లీహం లేదని తేలితే న్యూమోకాకస్, మెనింగోకాకస్, హీమోఫిలస్ టీకాల గురించి, ఏటా ఫ్లూ టీకా గురించి మీ డాక్టరుతో మాట్లాడండి. ముందే నిర్ణయించిన ఆపరేషన్ అయితే టీకాలు రెండు వారాల ముందుగా వేయించుకోవటం మంచిది. చలితో జ్వరం వస్తే తెల్లవారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్ళి, "నాకు ప్లీహం లేదు" అన్న మాటే మొదట చెప్పాలి. కుక్క కరిచినా అంతే. సెలవులకు దేశం వెళ్ళేటప్పుడు మలేరియా మందు మరచిపోకూడదు. ఆ సంగతి వ్రాసిన చీటీ ఒకటి ఎప్పుడూ దగ్గర ఉంచుకోవాలి.

క్లోమానికి ఆపరేషన్ అవసరమని ఎవరైనా చెబితే, మొహమాటపడకుండా ఒక ప్రశ్న అడగండి: ఈ ఆపరేషన్ మీ ఆసుపత్రిలో ఏడాదికి ఎన్ని చేస్తారు? డాక్టరుగారిని ఎదురు ప్రశ్నించటం మన మర్యాద కాదనిపించవచ్చు. మంచి సర్జన్ ఆ ప్రశ్నకు కోపగించుకోడు. లెక్క చెబుతాడు.